తప్పింటి బట్వాడా

తపాలా బాబాయికున్న ఒక్క గుణం గురించి ముందే చెప్పేయాలి. తెలియకుండా పరిచయమైతే మీ గొడుగు మీకు దక్కదు. ఎవరి దగ్గర ఏ వస్తువు అడిగి తెచ్చుకున్నా ఆయన రెండో రోజుకల్లా తిరిగి ఇచ్చేస్తాడు. దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, అవసరమైతే తాడు కట్టి మరీ ఇస్తాడు. అంత బుద్ధిమంతుడు. ఒక్కటే చిక్కు. తెచ్చింది ఒకరింటి నుంచి, ఇచ్చేది ఇంకొకరింట్లో.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఆ మనిషి ముప్పై నాలుగేళ్ళు పోస్టుమాన్‌గా చేశాడు. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఒక్క ఉత్తరం తప్పింటికి పోలేదు. ఒకసారి ఎవరో దూరపు చుట్టం చిరునామా మర్చిపోయి కవరు మీద ‘ఎర్ర తలుపు ఇల్లు, పెద్ద మీసాలు, చిన్న మాటకే కోపం’ అని మాత్రమే రాస్తే, బాబాయి సంచిలోంచి తీసి తిన్నగా తీసుకెళ్ళి ఆ మీసాల చేతిలో పెట్టాడు. ఆయన కవరు చదివి చిన్న మాటకే కోపం తెచ్చుకున్నాడు కాబట్టి చిరునామా సరైనదేనని రుజువు కూడా అయింది. అలాంటి మనిషి రిటైరై ఖాకీ సంచి అప్పగించిన మరుసటి నెల నుంచీ వీధిలోని సామానంతా ఇల్లు మార్చడం మొదలుపెట్టాడు.

మొదట పోయింది తాపీమేస్త్రీ నిచ్చెన. పన్నెండు మెట్ల నిచ్చెన, జేబులో పెట్టుకుని మర్చిపోయే వస్తువేం కాదు. మేస్త్రీ వీధంతా తిరిగి, చివరికి ఊరి చివర మేడ మీద అద్దెకుంటున్న పంతులమ్మ గోడకి ఆనించి ఉన్న నిచ్చెనని చూసి, తిన్నగా బాబాయి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“బాబాయ్, నా నిచ్చెన పంతులమ్మ ఇంటికెందుకు పోయింది?”

“ఆవిడది కాదూ?”

“ఆవిడకి నిచ్చెనెందుకు? బళ్ళో పిల్లలకి పాఠాలు నిచ్చెనెక్కి చెబుతుందా?”

“ఏమో నాయనా, చూడగానే ఆవిడదే అనిపించింది.”

“దాని మీద నా చేతి సున్నం మరకలున్నాయి కదా!”

“చాక్‌పీసు అనుకున్నా,” అన్నాడు బాబాయి, మొహంలో ఒక్క గీత కదలకుండా.

తర్వాత టైలరు కత్తెర పోయింది. జానెడున్నర పొడుగు, నల్ల పిడి, భార్యనైనా ముట్టుకోనివ్వని కత్తెర. అది వడ్రంగి ఇంట్లో తేలింది. టైలరు దాన్ని వెనక్కి తెచ్చుకుని, కొత్తగా పుట్టిన బిడ్డని చూసుకున్నట్టు రెండు వైపులా తిప్పి చూసుకుని, “బాబాయికి నేనింక సూది కూడా ఇవ్వను” అని నలుగురి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. నాలుగోనాడు ఇస్త్రీపెట్టె ఇచ్చాడు. బాబాయి అడిగే తీరు అలాంటిది. అడుగుతున్నట్టుండదు, మనకేదో మేలు చేసి పెడుతున్నట్టుంటుంది.

చివరికి పంతులమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఎవరి సామాను మీద వాళ్ళ పేరు నల్లరంగుతో పెద్ద పెద్ద అక్షరాల్లో రాసుకోవాలి. వీధంతా ఒక ఆదివారం కూర్చుని కుంచెలు పట్టుకుని పారల మీదా, బక్కెట్ల మీదా, జల్లెడల మీదా రాసుకుంది. మర్నాడే బాబాయి వడ్రంగి సుత్తి పట్టుకుని పంతులమ్మ మేడ మెట్లెక్కాడు.

“ఇదిగో అమ్మా, మీ సుత్తి.”

“బాబాయిగారూ, దీని మీద ‘వడ్రంగిది’ అని రాసుంది కదండీ. నేనే రాశాను.”

బాబాయి కళ్ళజోడు సవరించుకుని అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. “అవునమ్మా. దస్తూరీ ఎంత ముచ్చటగా ఉందో!” అని మెచ్చుకుని, సుత్తి అక్కడే పెట్టి దిగిపోయాడు.

వీధికి ఇదంతా నవ్వులాట. నవ్వలేనిది ఒక్క మనిషే, ఆయన భార్య. ఆవిడని వీధంతా పిన్ని అంటుంది.

పిన్నికి భయం పట్టుకుంది. ఊరికే పట్టుకున్న భయం కాదు. వాళ్ళ పెద్దన్నయ్యకి మొదట్లో ఇలాగే అయింది. కళ్ళజోడు పిండి డబ్బాలో పెట్టేవాడు, చెప్పులు మంచం మీద పెట్టి తను కింద పడుకునేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, పిన్ని కూడా నవ్వింది. రెండేళ్ళు తిరిగేసరికి చూడ్డానికి వెళ్ళిన పిన్నిని గుమ్మంలోనే ఆపి, “ఎవరమ్మాయివి తల్లీ? మీవాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు, ఇంటికి వెళ్ళిపో” అన్నాడు. ఆ రోజు నుంచి పిన్ని మతిమరుపు మీద ఎవరేం హాస్యమాడినా నవ్వడం మానేసింది.

అందుకే ఎవరైనా గుమ్మంలోకి వచ్చి, “పిన్నీ, బాబాయికి మతి పోతున్నట్టుంది” అంటే చాలు, ఇంతెత్తున లేచేది.

“మా ఆయనకేం? రాయిలా ఉన్నాడు. మీ సామాన్లన్నీ ఒకేలా ఏడిస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు?”

“నిచ్చెనా, కత్తెరా ఒకేలా ఉంటాయా పిన్నీ?”

“రెండూ చాపితే పెరుగుతాయి, మూస్తే తగ్గుతాయి. వెళ్ళు, వెళ్ళు!”

వచ్చినవాళ్ళని అలా తరిమేసి లోపలికొచ్చి, చెంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. వీధిలో సామానంతా అయిపోయాక, ఒకరోజు ఈ మనిషి తననే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఏ టైలరు గుమ్మంలోనో నిలబెట్టి, “ఇదిగో నాయనా, మీ ఆవిడ” అని చక్కా వచ్చేస్తాడేమో! తలచుకుంటే నవ్వొచ్చే మాటే. కానీ ఆవిడకి ఏడుపొచ్చేది.

రహస్యంగా పరీక్షలు పెట్టడం మొదలుపెట్టింది. అన్నం వడ్డిస్తూ మామూలుగా అడిగినట్టు అడిగేది.

“ఏమండీ, మన పెళ్ళినాడు వాన పడిందా?”

“పడలేదు. పడుతుందని మీ చిన్నన్నయ్య తెల్లారినప్పటి నుంచీ గొడుగేసుకునే తిరిగాడు. ఫోటోలో కూడా గొడుగే ఉంది, మొహం లేదు.”

“మా అమ్మ మొదటిసారి మనింటికి ఏ రోజొచ్చింది?”

“గురువారం. శుక్రవారం వెళ్తానంది. మూడు నెలలున్నాక వెళ్ళింది. ఆ రోజూ శుక్రవారమే, మాట తప్పలేదు పాపం.”

ఇంత స్పష్టంగా చెప్పే మనిషి, చెయ్యి కడుక్కుని లేచి, తమ ఇంటి బక్కెట్టునే తీసుకుపోయి తాపీమేస్త్రీకి ఇచ్చి, “చాలా రోజులుంచుకున్నాం, ఏమీ అనుకోకు” అని క్షమాపణ చెప్పి వచ్చాడు. ఇక లాభం లేదనుకుని, పిన్ని మర్నాడు పొద్దున్నే ఆయనకి శుభ్రమైన చొక్కా తొడిగించింది.

“ఎక్కడికే?”

“మీకు బీపీ చూపిద్దామని. బస్సుకి టైమైపోతోంది, నడవండి.”

డాక్టరు పక్క ఊళ్ళో ఉంటాడు. నిండా నలభై లేని కుర్రాడు. పిన్ని ముందే లోపలికి వెళ్ళి విషయమంతా చెవిలో చెప్పి వచ్చింది. డాక్టరు బాబాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మంచి మాటలతో మొదలుపెట్టాడు.

“పెద్దాయనా, మూడు మాటలు చెబుతా, గుర్తు పెట్టుకోండి. గుర్రం, నిమ్మకాయ, తాళంచెవి. మళ్ళీ అడుగుతా.”

“బీపీకి నిమ్మకాయ తెలుసు. గుర్రం ఎందుకండీ?”

“ఉండనివ్వండి. నెలల పేర్లు వెనక నుంచి చెప్పండి చూద్దాం.”

బాబాయి డిసెంబరు నుంచి జనవరి దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పి, ఏ నెలలో ఉత్తరాలు ఎక్కువొస్తాయో, ఏ నెలలో తక్కువొస్తాయో కూడా చేర్చాడు. ఈ రోజు తేదీ చెప్పాడు. వారం చెప్పాడు. గుర్రం, నిమ్మకాయ, తాళంచెవి అని అడక్కుండానే చెప్పాడు. ఆ తర్వాత డాక్టరు మొహంలోకి పరీక్షగా చూశాడు.

“మీరు వంతెన పక్క పచ్చ కిటికీల ఇంటి అబ్బాయి కదూ? మూడేళ్ళు ఆ వైపు నాదే బట్వాడా. మీకు డాక్టరు కాలేజీలో సీటొచ్చిన కవరు నేనే ఇచ్చా. మీ నాన్నగారు ఆనందం పట్టలేక మా సైకిల్ని కౌగిలించుకున్నారు.”

“ఓహో, అలాగా!” డాక్టరు మురిసిపోయాడు.

“అంతకు ముందు పరీక్ష పోయిందని వచ్చిన కవర్లు కూడా నేనే ఇచ్చాననుకోండి. రెండు.”

బయట బెంచీ మీద వరసలో కూర్చున్న పేషెంట్లు మెడలు చాపారు. డాక్టరు గబగబా లేచి తలుపు వేసి వచ్చాడు.

“అమ్మా,” అన్నాడు పిన్నితో, “ఈయన జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. కాస్త తగ్గినా నాకేం అభ్యంతరం లేదు.”

పిన్ని మనసు తేలికపడాలి కదా? పడలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతున్న భర్తని చూస్తూ కొత్త లెక్కలు వేసుకుంది. మతిమరుపు కాదని డాక్టరంటున్నాడు. అయితే మరేమిటి? డాక్టరుకి అంతుపట్టని జబ్బా? ముప్పై నాలుగేళ్ళు సరైన గుమ్మాల్లో నిలబడి విసుగెత్తిపోయాడా? ఇక కళ్ళారా చూడాల్సిందే అనుకుంది.

రెండు రోజుల తర్వాత బాబాయి వడ్రంగి దగ్గర రంపం తెచ్చాడు. దాంతో ఏం కోశాడో ఆ దేవుడికే తెలియాలి. మర్నాడు పొద్దున దాన్ని తుడిచి, కాగితం చుట్టి, చంకలో పెట్టుకుని బయల్దేరాడు. పిన్ని ఒక ఖాళీ బుట్ట చేత పట్టుకుని, ఏదో కొనడానికి వెళ్తున్నట్టు మొహం పెట్టుకుని, యాభై అడుగుల వెనక నడిచింది.

వడ్రంగి ఇల్లు మలుపు తిరగగానే కుడిచేతి వైపు. బాబాయి మలుపు దాకా వెళ్ళి ఆగాడు. వడ్రంగి గుమ్మం వైపు చూశాడు. తల గోక్కున్నాడు. ‘కుడివైపు తిరగండి, కుడివైపు’ అని పిన్ని లోలోపల బతిమాలుకుంది. ఆయన ఎడమవైపు తిరిగాడు.

ఆ సందు చివర ఉండేది కోళ్ళ పెద్దమ్మ. ఒంటరి మనిషి. పెరట్లో ముప్పై కోళ్ళు, మోకాలికి వాపు, చేతికర్ర. పిన్ని కట్టెల మోపు వెనక చేరి నక్కింది.

“ఇదిగో అక్కా, నీ రంపం.”

“నాకు రంపమెక్కడిదయ్యా? నేనేం కోస్తాను, గుడ్లు కోస్తానా?”

“నీది కాదూ? సర్లే, తెచ్చాక మళ్ళీ మోసుకుపోవడం ఎందుకు. ఇక్కడ పెడతా.”

పెట్టింది గుమ్మంలో కాదు. పెరట్లోకి నడిచి, కోళ్ళగూడు తలుపుకి ఆనించి పెట్టాడు. తలుపంటే తలుపు కాదు, ఒక్క కీలు మీద వేలాడుతున్న చెక్క. కింద పలక పుచ్చిపోయి పిల్లి దూరేంత సందుంది, అందులో పెద్దమ్మ పాత గుడ్డలు కుక్కింది.

“ఇప్పటికెన్ని పోయాయక్కా?” అన్నాడు బాబాయి, తల తిప్పకుండానే.

“మూడు. నిన్న రాత్రి పెట్టనే పట్టుకుపోయింది దొంగ పిల్లి. వడ్రంగితో నెల నుంచీ మొత్తుకుంటున్నా. రేపొస్తానంటాడు. వాడి రేపు ఎప్పటికి తెల్లారుతుందో!”

“ఇవాళ తెల్లారుతుందేమోలే,” అని బాబాయి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పిన్ని కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా, బుట్ట మీద కూర్చుని కాచుకుంది. గంట కూడా కాలేదు, వడ్రంగి చెమటలు కక్కుతూ దిగాడు.

“పెద్దమ్మా, మా రంపం ఏమైనా ఇటొచ్చిందా? బాబాయిని అడిగితే ఎవరికో ఇచ్చాను, గుర్తు లేదంటాడు. నాలుగిళ్ళు తిరిగా!”

“వచ్చింది నాయనా. అదుగో, నీకంటే ముందే వచ్చి నీ కోసం కూర్చుంది.”

వడ్రంగి గబగబా వెళ్ళి రంపం అందుకున్నాడు. అందుకున్నవాడు తలుపు కేసి చూశాడు. చేతిలో రంపమున్న వడ్రంగి ఎదురుగా పుచ్చిన చెక్క ఉంటే, వాడి ప్రాణం ఊరుకోదు.

“ఇదేంటి పెద్దమ్మా, ఇలా అయిపోయింది?”

“నెల్నాళ్ళుగా చెబుతున్నది ఇదే కదరా!”

“చెప్పారు... చెప్పారనుకోండి. ఇంతలా ఉందనుకోలేదు.” గొంతుక్కూర్చున్నాడు. “ఆ మూల పలక ముక్క ఇటు పడేయండి. మేకులున్నాయా? పాతవైనా సరే. ఛ, ఈ బాబాయి చేసిన పనికి నా పొద్దంతా తగలడింది!”

తిడుతూనే కోశాడు, తిడుతూనే మేకులు కొట్టాడు. కోళ్ళన్నీ చుట్టూ చేరి, కొత్త ఇంటి పనులు చూసుకునే యజమానుల్లా మెడలు అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాయి.

కట్టెల మోపు వెనక పిన్నికి ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చింది. నిచ్చెన తెచ్చుకోవడానికి మళ్ళీ వెళ్ళిన మేస్త్రీ ఆ రోజు తడిసి ముద్దై వచ్చాడు. పంతులమ్మ గదిలో వాన కారడం ఆ రోజు నుంచే ఆగింది. కత్తెర కోసం వెళ్ళిన టైలరు, భార్య పుట్టింటికెళ్ళిన వడ్రంగి మూడు వారాలుగా వేసుకుంటున్న చొక్కా చూసి, వృత్తికే అవమానమని కొలతలు తీసుకుని మరీ వచ్చాడు. సుత్తి కోసం మేడెక్కిన వడ్రంగి, ఊగే మెట్టు మీద తనే తూలి, అక్కడికక్కడే బిగించాడు. ఈ మనిషి ఇన్నాళ్ళూ బట్వాడా చేసింది రంపాల్నీ కత్తెరల్నీ కాదు, మనుషుల్ని. ఒక్కరూ తప్పింటికి పోలేదు.

ఇంటికొచ్చేసరికి బాబాయి వాకిట్లో కూర్చుని పాత పేపరు చదువుతున్నాడు. పిన్ని బుట్టని ఆయన కాళ్ళ దగ్గర విసిరికొట్టింది.

“కోళ్ళగూడు తలుపు కుదిరింది. చూసొచ్చాను.”

బాబాయి పేపరు దించాడు. దొంగతనం పట్టుబడ్డ పిల్లాడిలా అయిపోయింది మొహం.

“వెనకాలే వచ్చావా?”

“రాకపోతే ఎలా తెలుస్తుంది? నోటితో చెప్పొచ్చు కదా, ‘ఒరే, ఆవిడ గూడు బాగుచెయ్యి’ అని?”

“చెప్పి చూడలేదనుకున్నావా? సరే బాబాయ్ అంటారు, రేపంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదే. గుమ్మం దాకా వస్తే చేతులు ఊరుకోవు. ఆ గుమ్మం దాకా రావడమే బద్ధకం. అదే తమ వస్తువు పోయిందనుకో, పరుగెత్తుకుంటూ వస్తారు. నేను ముప్పై నాలుగేళ్ళు గుమ్మాల్లో నిలబడ్డాను. లోపలికి రమ్మనరు, పొమ్మనరు. అక్కడి నుంచి ఎవరింట్లో ఏం విరిగిందో బాగా కనబడుతుంది. సంచి అప్పగించేశాను గానీ, కనబడ్డం మానలేదు.”

“నాకైనా చెప్పొద్దూ?” అంది పిన్ని. “మా అన్నయ్యలా అయిపోతున్నారని ఎన్ని రాత్రులు మీ మొహమే చూస్తూ కూర్చున్నానో తెలుసా? మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది బీపీకనుకున్నారా?”

బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టాడు. వీధిలో ప్రతి గుమ్మం అవతలా ఏముందో కనిపెట్టిన మనిషికి, సొంత గుమ్మం ఇవతల ఏం జరుగుతోందో కనబడలేదు.

“అందుకా గుర్రం, నిమ్మకాయ?” అన్నాడు.

“అందుకే!”

“నిన్ను మర్చిపోతాననుకున్నావా?”

“బక్కెట్టు సంగతేంటి మరి? మన బక్కెట్టు మేస్త్రీకిచ్చి క్షమించమని చెప్పి వచ్చారు. అది ఏ ఉపకారం?”

బాబాయి చాలాసేపు ఆలోచించాడు. ఇంకో పక్కకి తిరిగి ఆలోచించాడు.

“అది... నిజంగానే వాళ్ళదనుకున్నానే.”

పిన్ని ఏడవబోయి నవ్వింది. నెలల తరబడి దాచుకున్న నవ్వు కాబట్టి ఒక పట్టాన ఆగలేదు. ఆయన కాస్త సిగ్గుపడుతూ, కాస్త బెదురుతూ ఆవిడకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

“ఇక మానేస్తాలే,” అన్నాడు. “నీకింత బాధైతే నాకీ పని వద్దు.”

పిన్ని ఏదో అనబోయేంతలో వీధిలోంచి కేక వినబడింది. తాపీమేస్త్రీ. నడకలోనే కోపం తెలుస్తోంది.

“పిన్నీ! బాబాయేడీ? గోడ నిలువు చూసుకునే నా రసమట్టం మొన్న తీసుకెళ్ళాడు. ఇవాళ పనికి పోవాలి. ఎవరి మొహాన పెట్టాడో అడగండి!”

బాబాయి చటుక్కున లోపలి గదిలోకి జారుకున్నాడు. పిన్ని చెంగుతో మొహం తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇన్నాళ్ళూ ‘మా ఆయనకేం’ అని వీధి వీధంతా దద్దరిల్లేలా అరిచిన మనిషి, గుమ్మానికి ఆనుకుని నీరసంగా నిట్టూర్చింది.

“ఏం చెప్పమంటావు నాయనా! మీరంతా అంటే నేనే వినలేదు. మతిమరుపు బాగా ముదిరిపోయింది. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. దీనికి మందు లేదన్నాడు.”

మేస్త్రీ కోపం ఎక్కడికక్కడ జారిపోయింది. “అయ్యో పిన్నీ, నేనేదో ఊరికే... పోనీలెండి, వస్తువుదేముంది! వెతుక్కుంటాను. మీరు మనసులో పెట్టుకోకండి.”

“నిన్న సాయంత్రం టైలరు ఇంటి వైపు వెళ్ళినట్టున్నాడు. పెరటి గోడ పక్కన ఎక్కడో పెట్టానన్నాడు. బాగా దగ్గరగా వెళ్ళి చూడు, సందుల్లో గిందుల్లో ఉంటుందేమో.”

మేస్త్రీ తలూపి టైలరు ఇంటి వైపు విసవిసా నడిచాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి పిన్ని లోపలికొచ్చింది. బాబాయి కళ్ళింత చేసుకుని తలుపు వెనక నిలబడి ఉన్నాడు.

“రసమట్టం టైలరు ఇంట్లో లేదే. ఇంకా మన అటక మీదే ఉంది.”

“తెలుసు,” అంది పిన్ని, కింద పడ్డ బుట్ట తీసి మూల పెడుతూ. “పక్కకి ఒరిగి, ఇవాళో రేపో పిల్లల మీద పడేలా ఉన్న గోడ మాత్రం అక్కడే ఉంది.”